ఇంగ్లండులో చూసిన ఒక బండకు తెలుగు పేరు కావాలి

సభ్యులకు నమస్కారం. నెల రోజులుగా మా అమ్మాయి దగ్గర లీడ్స్‌లో ఉన్నాను. పోయిన శనివారం ఇద్దరం రైల్లో క్లాపమ్ వెళ్లి, అక్కడి నుంచి పొలాల మధ్య నడుచుకుంటూ నార్బర్ అనే చోటికి చేరాం. యార్క్‌షైర్ డేల్స్‌లో ఇంగిల్‌బరో కొండకు దక్షిణపు వాలు అది. దారి పొడవునా సున్నం పెట్టకుండా పేర్చిన రాతిగోడలు, వాటిని దాటడానికి మెట్లు, ఎటు చూసినా గొర్రెలు.

పైకెక్కాక నేలంతా తెల్లటి సున్నపురాయి. వానకు కరిగి, మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చినట్టు పొడుగ్గా నెర్రెలిచ్చి ఉంది. లోపల చల్లగా ఫెర్న్ మొక్కలు. ఆ తెల్లరాతి మీద అక్కడక్కడా నల్లటి బండలు, కొన్ని గేదె అంత, కొన్ని ఆటో అంత. విచిత్రం ఏమిటంటే అవి నేలకు ఆనవు. ఒక్కొక్క దాని కింద జానెడు నుంచి మూరెడు ఎత్తున తెల్లరాతి పీట ఉంది. నేను సిగ్గు విడిచి బోర్లా పడుకుని ఒకదాని కింద చూశాను. బండ పీటకు మూడు చోట్ల మాత్రమే ఆని ఉంది, మిగతా సందులోంచి అవతలి గడ్డి కనబడుతోంది. వేళ్లు దూర్చితే తడి గొర్రెబొచ్చు తగిలింది.

పిడుగురాళ్లలో ఉన్న మా అక్కకు ఫోనులో చూపించాను. సున్నపురాయిని పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి. చూడగానే, "ఒరే తమ్ముడూ, ఆ నల్లబండను సున్నపురాయి మీద ఎవరు పెట్టారురా?" అంది.

ప్రశ్న సరైనదే. పెట్టింది మంచు. ఆ నల్లబండ సుమారు 43 కోట్ల ఏళ్ల నాటి గట్టి ఇసుకరాయి. దాని కింద సున్నపురాయి వయసు 33 కోట్లకు కాస్త అటూ ఇటూ. అంటే తాత మనవడి నెత్తిన కూర్చున్నాడన్నమాట. పక్కనున్న క్రమక్‌డేల్ లోయలోని బండలను హిమానీనదం పెళ్లగించి ఇక్కడిదాకా మోసుకొచ్చింది. సుమారు 18 వేల ఏళ్ల కిందట మంచు కరిగి, బండలు ఎక్కడివక్కడ మిగిలిపోయాయి. అప్పటి నుంచి వాన చుట్టూ ఉన్న సున్నపురాతిని కరిగిస్తూ వచ్చింది. బండ నీడన ఉన్న రాతికి మాత్రం గొడుగు పట్టినట్టయింది. పీట అలా మిగిలినదే.

ఇలాంటి బండను ఇంగ్లీషులో ఎరాటిక్ అంటారు. తిరుగాడడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది, దారి తప్పడం, పొరబడడం కూడా అందులోనివే. ఫోనులోని అనువాద యంత్రాన్ని అడిగితే "అస్థిరమైన బండరాయి" అంది. 18 వేల ఏళ్లుగా కదలనిది అస్థిరమట! నాకు తోచినవి: దిమ్మరి బండ, వలస బండ, దింపుడు బండ. మీరేమంటారు?

వ్యాఖ్య (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు)

ఆర్యా, మూడోది వద్దు. దింపుడు కల్లం గుర్తొస్తుంది. శవాన్ని దించి చెవిలో పిలిచే చోటు పేరు తెచ్చి రాయికి పెడతారా? "ఆగంతుక శిల" అనండి, శాస్త్రానికి తగినట్టుంటుంది. ఇంకొక మాట. మీరు "హిమానీ" అని దీర్ఘంతో రాసినందుకు సంతోషం. పత్రికల్లో "హిమనీ" అని కుదించేస్తున్నారు. అరణ్యానికి అరణ్యాని ఎలాగో హిమానికి హిమాని అలాగ, పెద్దది అని చెప్పడానికి వచ్చే రూపం. అమరంలో "హిమానీ హిమసంహతిః" అని స్పష్టంగా ఉంది.

వ్యాఖ్య

మాస్టారూ, ఆగంతుకుడు అనగానే నాకు తలుపు తట్టిన దొంగ గుర్తొస్తాడు. పాత నవలలు చదివిన దోషం. దిమ్మరి బండ బాగుంది. దేశదిమ్మరి అన్న మాట పల్లెలో ఎవరికైనా తెలుసు.

జవాబు (చర్చ మొదలుపెట్టిన నేనే)

నాకూ మొదట అదే నచ్చింది. కానీ దిమ్మరికి కాళ్లుంటాయి. బుద్ధి పుట్టినప్పుడు లేచి పోతాడు. ఈ బండకు ఆ స్వేచ్ఛ ఏది? వలసకైనా ఒక అవసరం ఉంటుంది, కూలికో చదువుకో. ఇంగ్లీషు మాటలోనూ ఇదే లోపం, మోసినవాడి ఊసు లేదు, నేరం రాయి మీదకు పోయింది. మా అక్క అడిగింది "ఎవరు పెట్టారు" అని. పేరు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

వ్యాఖ్య (స్టుట్‌గార్ట్ నుంచి)

ఇక్కడ జర్మన్‌లో ఫిండ్‌లింగ్ అంటారండీ. తల్లిదండ్రులు ఎవరో తెలియకుండా దొరికిన బిడ్డను కూడా అదే మాటతో పిలిచేవారు. అందులోనూ విడిచిపోయినవాళ్ల ఊసు లేదు, దొరికినవాళ్ల ఆశ్చర్యమే ఉంది.

వ్యాఖ్య (హైదరాబాదు)

బండ అని కాకుండా గుండు అంటే? మా ఊరి నిండా గుండ్లే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి.

జవాబు

అక్కడే తేడా ఉంది. హైదరాబాదు గుండ్లను ఎవరూ పేర్చలేదు, ఏదీ మోసుకురాలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పగుళ్ల వెంట కుళ్లి, మూలలు అరిగి, మట్టి కొట్టుకుపోయాక గుండ్రంగా బయటపడినవి. పుట్టిన చోటే ఉన్నాయి. వాటిని చూపించి మా అక్క అదే ప్రశ్న అడిగితే "ఎవరూ పెట్టలేదు" అని చెప్పాలి. పైగా నార్బర్ బండలు గుండ్రంగా లేవు, విరిగిన బెల్లం అచ్చుల్లా మూలలు తేలి ఉన్నాయి. ఎక్కువ దూరం రాలేదు కదా, అరగడానికి తీరిక దొరకలేదు.

ఇవి పక్క లోయ నుంచే వచ్చాయి కానీ అన్నీ ఇలా కాదు. కంబ్రియాలోని షాప్ అనే ఊరి గులాబీరంగు గ్రానైటు, స్టెయిన్‌మోర్ కనుమ దాటి యార్క్‌షైర్ సముద్రతీరం దాకా పోయింది. అదే తీరంలో నార్వే రాళ్లూ దొరుకుతాయి.

వ్యాఖ్య (గోదావరిఖని)

ఇదంతా పరాయి దేశపు వైభవం అనుకోకండి. మన గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున తాల్చేర్ పొరలుంటాయి. పిండి లాంటి బంకమట్టిరాతిలో రకరకాల బండలు ఇరుక్కుని ఉంటాయి, అవి హిమానీనదాలు తెచ్చినవే. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మనం దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉన్నప్పటి సంగతి. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర ఈ బండల పొరను చూసి "ఇది మంచు పని" అని భూగర్భ శాస్త్రవేత్తలు 1856లోనే రాశారు. ఇక్కడి ఎండలో నిలబడి ఆ మాట ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

వ్యాఖ్య

ఎవరూ ప్రవరుణ్ని తలచుకోలేదేమిటి! పసరు పూసుకుని హిమాలయానికి పోయాడు, మంచునీటికి పసరు కరిగింది, అక్కడే చిక్కుకుపోయాడు. మీ బండ కథ కూడా అంతే. తెచ్చినది కరిగిపోయింది, వచ్చినది ఉండిపోయింది. ప్రవరశిల!

వ్యాఖ్య (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు)

హాస్యానికి సరే. కానీ ప్రవరుడు ఇల్లు చేరాడు నాయనా.

జవాబు

మాస్టారి అభ్యంతరం మన్నించి దింపుడు తీసేశాను, దించడం మాత్రం వదలలేకపోతున్నాను. "మంచు దించిన బండ" అందాం. కాస్త పొడుగే, కానీ నెత్తిమీది మోపును దారిలో దించినట్టు కళ్లకు కడుతుంది. శాస్త్ర గ్రంథాలకు పొట్టిగా "దించుడు బండ" అని రాసుకోవచ్చేమో, వ్యాకరణం తెలిసినవారు చెప్పాలి.

రాత్రి అక్కకు ఈ పేరు వినిపించాను. కాసేపు ఆలోచించి, "దించినవాడు మళ్లీ ఎత్తుకోవడానికి రాలేదా?" అని అడిగింది.