ముప్పై మూడేళ్ల వయసులో ఉద్యోగం మాని పీహెచ్‌డీలో చేరవచ్చా?

వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన)లో ఎంటెక్ చేసి, ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) పాఠాలు చెబుతున్నాను. నెల జీతం 34 వేలు, అదీ రెండు నెలలు ఆలస్యంగా. బోధన ఇష్టమే. కానీ ప్రవేశాల వేళ ఊరూరా తిరిగి విద్యార్థులను చేర్పించడమూ అందులో భాగమేనట!

పీహెచ్‌డీ లేనిదే అసోసియేట్ ప్రొఫెసర్ కాలేను. వరంగల్ ఎన్‌ఐటీలోనో, హైదరాబాద్ ఐఐటీలోనో పూర్తికాలం చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపై 42 వేలు ఫెలోషిప్ అంటున్నారు. ఉద్యోగం చేస్తూ చదవాలంటే కళాశాల అనుమతి పత్రం కావాలి, మావాళ్లు ఇవ్వరు. ప్రవేశానికి అడిగే గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లే చెల్లుతుంది, నాది ఎప్పుడో ముగిసింది. ఇంట్లో రెండేళ్ల పాప.

ఈ వయసులో చేరినవారు ఎవరైనా ఉన్నారా? గేట్ మళ్లీ రాయడం తప్పదా? దరఖాస్తుకు ముందే ఆచార్యులకు ఈమెయిల్ రాస్తే ఏమనుకుంటారు? దయచేసి చెప్పండి.