38,16,54,729: ప్రోగ్రాం లేకుండా పట్టుకోవచ్చా?

యార్డు గుమాస్తా, గుంటూరు:
మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తుంటాను. డిగ్రీ చదివే మేనకోడలు ఈ సంఖ్య పంపి, "మావయ్యా, ఎడమ నుంచి ఒక్కో అంకే కలుపుకుంటూ భాగించు" అంది. కాటా చీటీ వెనక వేసి చూశా. 38ని 2తో, 381ని 3తో, 3816ని 4తో... ఎక్కడా శేషం మిగల్లేదు. 7 దగ్గర ఆగుతుందిలే అనుకుంటే 38,16,547 కూడా సరిగ్గా 5,45,221 సార్లు పోయింది! 1 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కోసారే ఉన్నాయి. ఇలాంటిది ఇదొక్కటేనట. ఆ అంకెల్ని 3,62,880 రకాలుగా పేర్చొచ్చు కదా, ఒక్కటేనని చేత్తో తేల్చేదెలా? ప్రోగ్రాం రాయమని మాత్రం అనకండి, అది మేనకోడలే చెప్పింది.

బెజవాడ కోడర్:
వద్దన్నారు కాబట్టి చెప్పను. కానీ సెకను కూడా పట్టదండీ :)

రిటైర్డ్ లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం:
కాగితం చాలు బాబూ. 5తో పోవాలి, సున్నా లేదు, కాబట్టి అయిదో అంకె 5. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే రావాలి. అంటే మిగతా చోట్ల బేసి అంకెలు.

ఇక్కడే అసలు కిటుకుంది. మూడోది బేసి కనుక, 4తో పోవాలంటే నాలుగోది 2 లేదా 6. మొదటి మూడంకెలు 3తో పోయాయి, ఆరూ పోవాలి, కాబట్టి నాలుగు, అయిదు, ఆరు అంకెల మొత్తం కూడా 3తో పోవాలి. కనుక నడిమి ముక్క 258 లేదా 654, మూడోది లేదు. ఆరోది సరి కనుక, 8తో పోవాలంటే ఏడు, ఎనిమిది అంకెల జంట 8తో పోవాలి; ఏడోది బేసి కనుక ఎనిమిదోది కూడా 2 లేదా 6 అవుతుంది. 258 అయితే ఏడు, ఎనిమిది స్థానాల్లో 16 లేదా 96. 654 అయితే 32 లేదా 72. మొదటి మూడంకెల మొత్తం 3తో పోవాలనే షరతు పెడితే మిగిలేవి పదే పది: 258తో రెండు, 654తో ఎనిమిది. వాటి మొదటి ఏడంకెల్నీ 7తో భాగించండి. నిలిచేది మీ సంఖ్యే.

యార్డు గుమాస్తా, గుంటూరు:
మూడున్నర లక్షల పైచిలుకు పదికి దిగిందా! పదీ భాగించి చూశా మాస్టారూ, నిజమే. 98,76,543కి 5 మిగిలింది. అయితే 9 ఊసే ఎత్తలేదేం?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం:
ఎలా పేర్చినా మొత్తం 45. 9కి అడ్డేముంది? చివర సున్నా తగిలిస్తే 10తోనూ పోతుంది.

బెజవాడ కోడర్:
అంకెలు మళ్లీ రావచ్చంటే ఈ ఆట 25 అంకెల దాకా సాగుతుంది: 3608528850368400786036725. దీని చివర ఏ అంకె పెట్టినా 26తో పోదు. పొడుగు పెరిగేకొద్దీ భాజకం పెరుగుతుంది, మనం పెట్టగల అంకెలు మాత్రం ఎప్పుడూ పదే కదా. దీన్ని మాత్రం చీటీ వెనక వేయకండి గుమాస్తా గారూ, చీటీ చాలదు.