అంబాసిడర్ వెనక కమాన్ కట్టలు: కొట్టించాలా, కొత్తవి వేయాలా?

పలమనేరు అంబాసిడర్
నాన్న కొన్న 1986 బండి. వెనక ముగ్గురు కూర్చుంటే మొగిలి ఘాట్ మలుపుల్లో టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటోంది. ఖాళీగా ఉన్నా కుడివైపు అంగుళం దిగింది. చిత్తూరులో లారీ కమాన్లు (బరువు మోసే వంపు ఉక్కు ప్లేట్ల కట్టలు, అదే లీఫ్ స్ప్రింగులు) చేసే మేస్త్రి "ప్లేట్లు విప్పి వంపు కొట్టిస్తా, కొత్తవి దండగ" అంటున్నాడు. మా మెకానిక్కేమో కట్ట మార్చాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

చంద్రగిరి కోట
మేస్త్రి మాటే వినండన్నా. ప్లేటు దిగింది అంటే ఉక్కు మెత్తబడిందని కాదు. బిగువు ప్లేటు మందం, పొడవు, వెడల్పుల్ని బట్టి ఉంటుంది, అవి అలాగే ఉన్నాయి. పోయింది వంపు ఒక్కటే, దాన్ని తిరిగి తెస్తే సరి. పైగా ఇప్పుడు అంగట్లో దొరికే కొత్త కట్టల కన్నా ఆనాటి ఉక్కే మేలు.

శ్రీకాళహస్తి సామి
ఇంత చర్చ దేనికి సామీ? ఒక ప్లేటు అదనంగా వేసేయండి, లేస్తుంది.

పాత ఫియట్
అదనపు ప్లేటు మాత్రం వద్దు. ఎత్తుతో పాటు బిగువూ పెరుగుతుంది. ఖాళీ బండి జట్కాలా ఎగురుతుంది, వెనక కూర్చున్న అమ్మమ్మ నడుము ఏమవుతుందో మీరే చెప్పాలి.

కోట అన్న చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ ముప్పై నలభై ఏళ్లు వంగి లేచిన ప్లేటు అలసిపోయి ఉంటుంది, ఆ అలసట వంపు కొడితే పోదు. వంపు పెంచడానికి సుత్తి పడేది లోపలి గుంట వైపు. బరువు పడినప్పుడు సాగేది కూడా ఆ వైపే. అక్కడ లోతైన గంటు పడినా, తుప్పు తిన్న గుంత ఉన్నా చీలిక అక్కడే మొదలవుతుంది.

ఇంకో మాట, గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచనే వద్దు. నా ఫియట్‌కు ఒకచోట అలాగే చేశారు. దించిన రోజు కొత్త పెళ్లికొడుకులా నిలబడింది, భాకరాపేట ఘాట్ నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి మళ్లీ చతికిలపడింది. కాల్చాక నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడికి తెచ్చి పదును పెట్టకపోతే అది స్ప్రింగు కాదు, ఉత్త ఇనుప బద్ద. ఆ పదును పెట్టే కొలిమి ఎన్ని షెడ్లలో ఉంది?

ముందు షాకిల్ బుష్షులు, అంటే కట్ట చివర బండికి తగిలించే చోట ఉండే రబ్బరు బుష్షులు చూడండి. అవి అరిగినా ఒక పక్క దిగుతుంది.

చంద్రగిరి కోట
లారీలన్నీ కొట్టించుకునే తిరుగుతున్నాయి కదా!

పాత ఫియట్
తిరుగుతున్నాయి, మళ్లీ మళ్లీ కొట్టించుకుంటూ.

పలమనేరు అంబాసిడర్
నిన్న విప్పించాను. బుష్షులు పిండి అయిపోయాయి. అంతటితో ఆగలేదు, కుడి కట్టలో రెండో ప్లేటు, ప్లేట్లన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర చీలి ఉంది, పైకి కనిపించనే లేదు. చెన్నై పుదుపేటలో పాత జత ఉందన్నారు, వద్దనుకున్నాను. రెండు వైపులకూ కొత్తవే తెప్పిస్తున్నా.

పాత ఫియట్
మంచి పని. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేయండి, సాగినవి మళ్లీ బిగించినా నిలవవు. బుష్షుల నట్లు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వొద్దు. బండి నేలకు దించి, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. కొన్ని రోజులు తిరిగాక యూ బోల్టులు ఇంకోసారి బిగించండి.

చంద్రగిరి కోట
చీలిన ప్లేటుకు నేను వకాల్తా పుచ్చుకోను. కానీ ఎడమ కట్ట బాగుందిగా అన్నా? పాత ఇనుము వాడికి వేయొద్దు, నేనొచ్చి తీసుకుంటా. కొట్టించి నా బండికి వేసి చూపిస్తా.