సర్పి నొప్పికి గాబాపెంటిన్ రాశారు, అమ్మ తూలిపోతోంది, ఆపేయొచ్చా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్తే. మా అమ్మకి 71 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి. రెండు నెలల కింద నడుం దగ్గర సర్పి లేచింది, పొక్కులు మాడిపోయాయి గానీ ఆ చోట మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు పోవట్లేదు, లంగా బొందు తగిలినా అల్లాడిపోతోంది. డాక్టర్ గారు గాబాపెంటిన్ 300 రాశారు, మొదట రాత్రి ఒకటి, తర్వాత మూడు పూటలా. నొప్పి కొంచెం నయమే అంటోంది కానీ మూడు పూటలా మొదలైన దగ్గర్నుంచి కళ్ళు తిరగడం, గోడ పట్టుకుని నడవడం, అన్నం ముందు కూర్చునే కునికిపాట్లు. మొన్న రాత్రి బాత్రూంకి వెళ్తూ పడబోతే నాన్న పట్టుకున్నారు. పాదాలు కూడా వాచాయి. మా బాబాయేమో ఇది ఫిట్స్ మందు, వదినకి ఫిట్స్ ఎక్కడున్నాయి, రేపే ఆపేయండి అంటున్నాడు. అపాయింట్‌మెంట్ ఇంకా పది రోజులుంది, నాకు భయంగా ఉంది.

కరీంనగర్ అన్న:
చెల్లే, ఒక్కసారే ఆపకుండ్రి. నాకు షుగర్‌తోని అరికాళ్ళ మంటలుంటే ఇదే గోలి రాసిండ్రు. మొదటి రెండు వారాలు తల దిమ్ముగ ఉండె, బండి నడుపుడు బంద్ పెట్టిన, తర్వాత అలవాటైంది. నోరు ఎండుడు, బరువు పెరుగుడు మాత్రం ఉండె. ఒకసారి ఊరికి పోతూ గోలీలు మర్చిపోయిన, మూడు దినాలు నిద్ర లేదు, చెమటలు, గుండె దడ.

మందుల షాపు పెద్దాయన:
అమ్మా, నేను ఫార్మసిస్ట్‌ని. మీ బాబాయి అన్నది సగం నిజం. అమెరికాలో 1993లో దీన్ని ఫిట్స్‌కే అనుమతించారు, 2002లో సర్పి తర్వాత మిగిలే నొప్పికి కూడా ఇచ్చారు, కాబట్టి డాక్టర్ గారు సరైన మందే రాశారు. మత్తు, తల తిరగడం, తూలడం, కాళ్ళ వాపు, చూపు మసకబారడం, ఇవన్నీ దీనితో మామూలుగా కనిపించేవే. అయితే నన్ను ఆలోచింపజేసేది వయసూ షుగరూ. ఈ మందు లివర్‌లో విరగదు, మూత్రంలోంచే బయటికి పోవాలి, కిడ్నీ కాస్త నెమ్మదించినా ఒంట్లో పేరుకుని మత్తు ఎక్కువవుతుంది. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఈ మధ్య చేయించారా? లేకపోతే రేపే చేయించి, పది రోజులు ఆగకుండా ఫోన్‌లోనే డాక్టర్ గారికి చెప్పండి. డోసు తగ్గించడమా ఆపడమా ఆయనే చెప్పాలి, ఆపాల్సి వచ్చినా కనీసం వారం పట్టేలా మెల్లగా తగ్గిస్తారు, లేకపోతే ఫిట్స్ లేనివాళ్ళకి కూడా ఇబ్బంది అవ్వొచ్చు. బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే వాపు దానివల్ల కూడా కావొచ్చు, చీటీ మొత్తం చూపించండి. గ్యాస్‌కి తెల్లటి సిరప్ తాగుతుంటే అది తాగిన రెండు గంటల తర్వాతే ఈ బిళ్ళ వేయండి. ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ళగానీ నిద్ర బిళ్ళగానీ వేస్తున్నారా? ఈ మందుతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. లేపినా లేవకపోతే, ఆయాసం వస్తే, మొహం వాస్తే, ఒంటి మీద దద్దుర్లు వస్తే ఫోన్ కాదు, నేరుగా ఆస్పత్రికే. మనసు బాగా దిగులుగా ఉందన్నా తేలిగ్గా తీసుకోకండి.

విశాఖ నుంచి:
బెడ్ లైట్ వేసి ఉంచండి, లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోమనండి. మా అత్తయ్య ఇలాగే పడి తుంటి విరిగింది, అందుకే చెప్తున్నా.

తెనాలి అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ క్రియాటినిన్ చేయిస్తే 1.7 వచ్చింది, డాక్టర్ గారికి ఫోన్ చేస్తే రాత్రి ఒక్కటే వేయమన్నారు, సోమవారం తీసుకురమ్మన్నారు. ట్రమడాల్ లేదు కానీ పక్కింటావిడ ఇచ్చిన నిద్ర బిళ్ళ రెండు రోజులు వేసుకుందట, అడిగితే ఇప్పుడు చెప్తోంది. అది తీసేశాను.