ఆల్చిబా: అయిదు రోజులు తగలబడినా మునగని సరుకు ఓడ

కాగితపు పడవ:
రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవి గ్వాడల్‌కెనాల్ కోసం అమెరికా, జపాన్ చేసిన యుద్ధం గురించి చదువుతూ ఒక అమెరికన్ నౌకాదళ సరుకు ఓడ దగ్గర ఆగిపోయాను. పేరు ఆల్చిబా. 1942 నవంబరు 28 ఉదయం ఆ దీవి తీరంలోని లుంగా పాయింట్ దగ్గర లంగరు వేసి ఉండగా జపాన్ చిట్టి జలాంతర్గామి ఒకటి టార్పెడోతో కొట్టింది. దెబ్బ తగిలింది రెండో నంబరు హోల్డు (సరుకు నింపే అర) దగ్గర. లోపల పెట్రోలు డ్రమ్ములు, మందుగుండు. మంట 150 అడుగులు లేచిందట. ఆ రెండింటినీ ఒకే చోట పెట్టిన బుద్ధిమంతుడు ఎవరు? కెప్టెన్ ఓడను వదిలేయకుండా నేరుగా ఒడ్డుకు ఎందుకు ఎక్కించాడు?

పాత సరంగు:
బుద్ధిమంతుడిని తర్వాత తిడుదురుగాని, ముందు ఆ దీవి పరిస్థితి చూడండి. అక్కడ పెద్ద ఓడ ఆనుకునే రేవు లేదు. ఓడ దూరంగా నిలబడాలి, డెరిక్కులతో, అంటే ఓడ మీది క్రేన్లతో, సరుకును చిన్న పడవల్లోకి దించాలి, పడవలు ఇసుకలోకి పోవాలి. అక్టోబరు 13 రాత్రి కొంగో, హరూనా అనే రెండు జపాన్ యుద్ధనౌకలు ఆ దీవిలో అమెరికన్ల చేతిలో ఉన్న హెండర్సన్ విమానాశ్రయం మీద గుండ్ల వాన కురిపించాయి. అక్కడి పెట్రోలు నిల్వలో చాలా భాగం బూడిదైంది. పెట్రోలు లేని విమానం కొంగతో సమానం. నిజానికి కొంగే నయం, ఎగురుతుంది. అదే వారంలో ఈ ఆల్చిబా పెట్రోలు, బాంబులు నింపిన బార్జిని (చదునైన సరుకు పడవను) తాడు కట్టి లాక్కుంటూ బయలుదేరి, శత్రువుల జాడ తెలిసి వెనక్కి తిరగవలసి వచ్చింది. వెనక్కి తిరగని తోడు యుద్ధనౌక, డిస్ట్రాయరు మెరెడిత్‌ను 15న విమానాలు ముంచేశాయి. అలాంటి రోజుల్లో సరుకులను విడివిడిగా సర్దే భోగం ఎవరికి?

ఇక ఒడ్డు సంగతి. నేను సరుకు ఓడల్లో ఇరవై రెండేళ్లు పని చేశాను. ఒకసారి పత్తి బేళ్లున్న హోల్డులో నిప్పు రాజుకుంది. తొమ్మిది రోజులు మూత తీయలేదు. గంట గంటకూ డెక్కు రేకు మీద చెయ్యి వెనుక వైపు ఆనించి వేడి చూసేవాళ్లం. మూడో రోజు నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరయ్యాయి. నీళ్లు పోసి ఆర్పుదామంటే, ఎన్ని పోస్తే అంత బరువెక్కి ఓడ కూరుకుపోతుంది. అదే భయం. నేల మీద ఆనిన ఓడకు ఆ భయం లేదు, ఎంతైనా పోయవచ్చు. కెప్టెన్ జేమ్స్ ఫ్రీమన్ వెంటనే ఇంజన్లు నడిపించి ఇసుకలోకి ఎక్కించాడు. అయిదు రోజులు దాటాక మంట అదుపులోకి వచ్చింది, సరుకులో ఎక్కువ భాగం దక్కింది. నా దృష్టిలో ఆ కెప్టెన్‌కు ఇచ్చిన నేవీ క్రాస్ పతకం చిన్నదే.

అయినా కథ అక్కడితో అవలేదు. డిసెంబరు 7న మరో టార్పెడో ఇంజను గది పక్కన తగిలి ముగ్గురు పోయారు. మళ్లీ బాగు చేశారు!

చుక్కల లెక్క:
పక్కదారి మాట, క్షమించండి. ఆ ఓడకు పెట్టినది నక్షత్రం పేరు. మనం హస్త అని పిలిచే అయిదు చుక్కల్లో అదొకటి. ఆనాటి సరుకు ఓడల్లో చాలావాటికి ఇలాగే చుక్కల పేర్లు, తారామండలాల పేర్లు పెట్టారు.

పాత సరంగు:
అలాంటి పేరున్నదే సెర్పెన్స్ కూడా. అదే లుంగా తీరం, 1945 జనవరి 29. జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జీలు ఎక్కిస్తుండగా ఒక్కసారిగా పేలింది. సుమారు 250 మంది పోయారు. ఓడ మీద ఉన్నవారిలో బతికింది ముక్కు భాగంలోని సామాన్ల గదిలో ఉన్న ఇద్దరే. ఆల్చిబా సంగతి చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

కాగితపు పడవ:
వెక్కిరింపు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క చిన్న సందేహం. పడవలు చాలకపోతే ఆ డ్రమ్ములు ఒడ్డుకు చేరేదెలా?

పాత సరంగు:
నీళ్లలోకి తోసేవారు. డ్రమ్ముకు 55 గ్యాలన్లు, నిండుగా ఉన్నా తేలుతుంది, పెట్రోలు నీటికన్నా తేలిక కదా. మెడలోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కటే దొర్లించుకుంటూ పోవడమే.