వెంట్రుకవాసిలో గెలిచాడు అనొచ్చా?

గ్రూపులో అందరికీ నమస్తే అండి. 2024 పారిస్ ఒలింపిక్స్ మగవాళ్ళ 100 మీటర్ల ఫైనల్ గురించి చిన్న ఆర్టికల్ రాస్తున్నా. అందులో నోవా లైల్స్ వెంట్రుకవాసిలో గెలిచాడు అని రాశాను. చదివిన ఫ్రెండేమో వాసి అంటే క్వాలిటీ కదా, రాశి కన్నా వాసి ముఖ్యం అంటాం కదా, వెంట్రుకకి క్వాలిటీ ఏంటి, రెప్పపాటులో గెలిచాడు అని మార్చెయ్ అంటున్నాడు. ఏది కరెక్టో చెప్పండి.

జవాబు: అస్సలు మార్చకండి, మీరు రాసిందే కరెక్టు. వాసికి క్వాలిటీ అనేది ఒక్క అర్థమే కాదండి, తేడా, మెరుగు, పేరు ఇవన్నీ ఉన్నాయి, వాసికెక్కాడు అన్నప్పుడు పేరు, వెంట్రుకవాసి అన్నప్పుడు తేడా, అంటే వెంట్రుకంత తేడా అని. తమిళంలో అయితే సగాన్ని అరైవాసి, ముప్పావుని ముక్కాల్వాసి అని ఇప్పటికీ రోజూ అంటారు, అక్కడా వాసి అంటే ఎంత మేర అనే లెక్కే. మనకి ఆ అర్థం విడిగా వాడుకలోంచి దాదాపు పోయి ఈ ఒక్క మాటలో మిగిలింది, దాన్ని కూడా తీసేస్తే ఎలా చెప్పండి.

ఇక రెప్పపాటు సంగతి. ఆ రేసులో లైల్స్ టైమ్ 9.79, రెండోవాడు కిషేన్ థాంప్సన్ టైమ్ కూడా 9.79. సెకనుని వెయ్యి భాగాలు చేసి చూస్తే ఒకరిది 9.784, ఇంకొకరిది 9.789. మధ్యలో తేడా వెయ్యింట ఐదు. రెప్ప వాల్చి ఎత్తాలంటే ఎంత లేదన్నా సెకనులో పదో వంతు పడుతుంది. ఆ రోజు ఎనిమిదోవాడిగా వచ్చిన ఆబ్లిక్ సెవిల్ టైమ్ 9.91, అంటే మొదటివాడికీ చివరివాడికీ మధ్య ఉన్నదే 0.12 సెకన్లు. రెప్పపాటులో ఎనిమిదిమందీ గీత దాటేశారండీ! మరి గెలుపు రెప్పపాటులో అంటే ఏం చెప్పినట్టు? చూసినవాళ్ళకే కాదు, లైల్స్‌కి కూడా థాంప్సనే గెలిచాడేమో అనిపించింది, బోర్డు మీద పేరు పడేదాకా తెలీలేదు.

లెక్కకి నిలబడాలంటే వెంట్రుకవాసి కూడా నిలబడదు అనుకోండి. చివర్లో వాళ్ళు సెకనుకి 11 మీటర్ల పైనే పోతుంటారు, అంటే ఆ వెయ్యింట ఐదులో ఐదారు సెంటీమీటర్లు, మూడు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంతో అంత, బెత్తెడు కూడా కాదు. గీత దగ్గర పెట్టిన ఫోటో ఫినిష్ కెమెరా సెకనుకి 40,000 బొమ్మలు తీస్తుంది, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య మనిషి పావు మిల్లీమీటరుకి కాస్త పైనే జరుగుతాడు. వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే. అంటే నిజంగా వెంట్రుకంత తేడాతో ఎవరైనా గెలిస్తే ఆ కెమెరాకి కూడా దొరకదు! అయినా ఆ మాట కొలత కోసం పుట్టింది కాదు కదా, కంటికి ఆనని తేడా అని చెప్పడానికి పుట్టింది, ఇక్కడ జరిగింది అదే.

ఒక్క సూచన మాత్రం ఇస్తా, తప్పుగా అనుకోకండి. మనం ఈ మాటని ఎక్కువగా తప్పిపోయినదాని గురించే అంటాం, వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది, వెంట్రుకవాసిలో ఛాన్స్ పోయింది, ఇలా. అందుకని వాక్యాన్ని థాంప్సన్ వైపు నుంచి తిప్పి, వెంట్రుకవాసిలో స్వర్ణం చేజారింది అని చూడండి, ఎంత బాగా కూర్చుంటుందో. పైగా 30 మీటర్ల దగ్గర లైల్స్ అందరికన్నా వెనకున్నాడు, థాంప్సన్ దాదాపు రేసంతా ముందున్నట్టే ఉండి చివరి అడుగులో పోగొట్టుకున్నాడు. నాకైతే ఆ ఫోటో చూసినప్పుడల్లా అతనికోసమే మనసు చివుక్కుమంటుంది.

మళ్ళీ నేనేనండి, చాలా థ్యాంక్స్, చేజారింది అనే పెడతా. ఇంకో డౌటు, ఫోటోలో థాంప్సన్ కాలు ముందే గీత దాటినట్టుంది కదా, కానీ కాలు లెక్క కాదు ఛాతీ లెక్క అని రాశాను, సరిపోతుందా?

జవాబు: రూల్ ప్రకారం తల, మెడ, చేతులు, కాళ్ళు తీసేయగా మిగిలిన ఒళ్ళు గీత అంచుకి ఎప్పుడు చేరిందీ అనేదే లెక్క. దానికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట మొండెం. కానీ పేపర్లో మొండెం అని కనిపిస్తే అందరికీ శవమే గుర్తొస్తుంది, పరిగెత్తే మనిషి గురించి రాయడానికి నాకు చెయ్యి రాదు. కబంధం అందామంటే వెంటనే కబంధ హస్తాలు, ఇక్కడ లెక్కలోకి రానివే చేతులు. అందుకే ఛాతీ అనే ఉంచి, తలా మెడా కాళ్ళూ చేతులూ లెక్కలోకి రావు అని పక్కనే ఒక వాక్యం కలపండి. లైల్స్ ఆఖర్న ఒంగి ముందుకి తోసింది కూడా ఛాతీనే కదా.