చార్మ్‌డ్ మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్: ప్రూ చావుకు బాధ్యులు ఎవరు?

కాజీపేట_కుర్రాడు:
చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తా. చార్మ్‌డ్ అమెరికా టీవీ సీరియల్, ఇది 2001 మే 17న వచ్చిన ఎపిసోడ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు మంత్రగత్తె అక్కచెల్లెళ్లు, ప్రూ, పైపర్, ఫీబీ. షాక్స్ అనే రాక్షసుణ్ని ప్రూ, పైపర్ నడివీధిలో చంపుతుంటే టీవీ కెమెరాకు చిక్కుతారు, లైవ్‌లో ఊరంతా చూస్తుంది. ఇంటి ముందు జనం పోగవుతారు, అందులో ఒకామె పైపర్‌ను తుపాకీతో కాలుస్తుంది, పైపర్ చనిపోతుంది. అప్పటికి పాతాళంలో ఉన్న ఫీబీ, తను అక్కడే ఉండిపోతానని రాక్షసుల పెద్ద సోర్స్‌కు మాటిచ్చి కాలాన్ని వెనక్కి తిప్పిస్తుంది. దాంతో షాక్స్ మళ్లీ ఇంటిమీద పడే టైంకి ఫీబీ ఇంట్లో లేదు, ప్రూ పోయింది. తను ప్రేమించిన కోల్ కోసం ఫీబీ పాతాళానికి పోకపోయి ఉంటే అక్క బతికేది కదా? తప్పు ఫీబీదే.

రామప్ప_రాయి:
తమ్మీ, ఫీబీని అనకు. చచ్చిపోయిన అక్కను బతికించుకోవడానికి తనను తాను అమ్ముకున్న పిల్ల అది. షాక్స్ మొదటిసారి ఇంటిమీద పడ్డప్పుడు ప్రూ, పైపర్ ఇద్దరినీ పైపర్ మొగుడు లియో తన శక్తితో బాగు చేశాడు, రెండోసారి పైపర్ ఒక్కతే దక్కింది, అది సోర్స్ పన్నాగం. అసలు కారణం బయట ఉంది: ప్రూగా నటించిన షానెన్ డోహెర్టీ సీరియల్ వదిలి వెళ్తోంది, ఈ ఎపిసోడ్‌కు డైరెక్షన్ కూడా ఆమెదే.

భద్రకాళి_చెరువు:
మీరిద్దరూ ఇంట్లోవాళ్ల మధ్యే తప్పు వెతుకుతున్నారు. ఇంటి ముందున్న గుంపు సంగతేంటి? ప్రూ, పైపర్ అప్పటికి ఒక డాక్టర్ ప్రాణం కాపాడాలని తిరుగుతున్నారు, అయినా జనానికి టీవీలో కనిపించిన మంత్రం ఒక్కటే గుర్తుంది. మన దగ్గర బాణామతి పేరు వినపడితే జరిగేది ఇదే. పళ్లు పీకితే మంత్రం పలకదని ముసలివాళ్ల పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పట్టపగలు చంపారు. ఆ వార్త చదివాక నేను ఈ ఎపిసోడ్ మళ్లీ చూశాను, ప్రూ చావు కన్నా ఆ గేటు ముందు అరుపులే ఎక్కువ భయపెట్టాయి.

కాజీపేట_కుర్రాడు:
అక్కా, పోలిక కుదరదు. వాళ్లకు నిజంగా శక్తులున్నాయి. జగిత్యాలవాళ్లకు ఏముంది?

భద్రకాళి_చెరువు:
ఏమీ లేదు, అందుకే మనది ఇంకా ఘోరం. కానీ కాల్చేవాళ్లకు తేడా అక్కర్లేదు తమ్మీ, ఉందా లేదా అని ఎవరూ అడగరు, ఊళ్లో ఎవరికో జ్వరం తగ్గకపోయినా, బర్రె చచ్చినా చాలు, ఒంటరిగా ఉండే ముసలామె ఇంటి మీదికి పోతారు. నా కోపం రాసినవాళ్ల మీద. కాలం వెనక్కి తిరిగింది కాబట్టి ఆ గుంపుకు తను చేసింది గుర్తే లేదు, కాల్చినామె హాయిగా తన పని తను చేసుకుంటూ ఉంటుంది. నాలుగో సీజన్‌లో ప్రూ స్థానంలో ఇంకో చెల్లెలు పెయిజ్ వచ్చి కథ వేరే దారి పట్టింది, శాన్‌ఫ్రాన్సిస్కో జనం ఒక ఆడమనిషిని చంపారన్న మాట పోయింది. శిక్ష మాత్రం ఫీబీకి, పైపర్‌కు.

రామప్ప_రాయి:
ఈ మాట ఒప్పుకుంటా చెల్లే. కానీ కాలం తిప్పకపోతే పైపర్ లేదు, పైపర్ లేకపోతే 2006 దాకా సాగిన సీరియలే లేదు. నువ్వు రాసి ఉంటే ఎవరిని ఉంచేదానివి?

భద్రకాళి_చెరువు:
పైపర్‌నే ఉంచేదాన్ని. కాల్చినామెకు మాత్రం అంతా గుర్తుండేటట్టు రాసేదాన్ని.